వేమోనా, టెస్లానా? మా ఇంట్లో తెగలేదు, మీరైనా తేల్చండి

బెంజిసర్కిల్_బుజ్జి
కనుమ రోజు మా ఇంట్లో గారెలు చల్లారిపోయాయి. ఆస్తి గొడవ అనుకునేరు, డ్రైవరు లేని కార్ల గొడవ.

తమ్ముడు అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటాడు, బావమరిది ఆస్టిన్‌లో. ఇద్దరూ పండక్కి వచ్చారు. తమ్ముడు వారానికి రెండుసార్లు వేమో, అదే డ్రైవరు లేని టాక్సీ, ఎక్కుతాడట. ముందు సీటు ఖాళీ, స్టీరింగు దానిపాటికది తిరుగుతుంటుంది, వీడు వెనక కూర్చుని ఫోను చూసుకుంటాడు. బావమరిది టెస్లా కొన్నాడు. "నెత్తిన ఆ బోర్లించిన బిందె ఏంటి బావా మీ వేమోకి? మనిషి రెండు కళ్లతో తోలట్లేదా? కెమెరాలు చాలు" అంటాడు. తమ్ముడేమో "నీ బండిలో నువ్వు రోడ్డు చూస్తూ కూర్చోవాలి, నా బండిలో నేను నిద్రపోతాను, ఇంక మాటలెందుకు" అంటాడు. నాన్న అంతా విని ఒకటే అడిగాడు: "ఈ రెండిట్లో ఏదిరా మన బందరు రోడ్డు మీద తిరిగేది?" అప్పుడు ఇద్దరూ గారెల వైపు చూశారు.

ఇక నా సొంత ఏడుపు. అడాస్ (ముందు ఏదన్నా అడ్డొస్తే తనంతట తానే బ్రేకు వేసేదీ, లేను తప్పితే స్టీరింగు లాగేదీ) ఉన్న కారు కొని ఎనిమిది నెలలు. కంపెనీ పేరు వద్దులెండి. పోయిన నెల మంగళగిరి దాటి గుంటూరు వెళ్తున్నా, స్పీడు 80. రోడ్డు అంచున రాంగ్‌రూట్లో ఒక బైకు, రెండు పక్కలా పాలక్యాన్లు. నేను చూస్తూనే ఉన్నా, అతను అతని దారిన పోతున్నాడు. నా కారు మాత్రం ఒక్కసారిగా బ్రేకు కొట్టేసింది. వెనక బస్సు హారను ఇప్పటికీ చెవుల్లో ఉంది. అమ్మ ఒళ్లో గోంగూర డబ్బా ఎగిరి డాష్‌బోర్డు మీద పడింది. షోరూములో అడిగితే "సిస్టం బాగానే ఉంది సార్" అన్నారు.

ఇంతమాత్రం తెలివికే ఇలా ఉంటే, డ్రైవరు లేకుండా ఎవరి పద్ధతి నిలబడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_కిట్టు
గోంగూర ఏమైందో ముందు చెప్పు.

ఆటోనగర్_మేస్త్రి
బుజ్జీ, ఒక్క మాట. ముందు బంపరు ఎప్పుడైనా ఊడదీశారా?

బెంజిసర్కిల్_బుజ్జి
@కిట్టు సీట్ల సందుల్లో ఇంకా వాసన వస్తోంది. @మేస్త్రి దసరాకి గోడకి రాసుకుంటే లప్పం పెట్టి పెయింటు వేయించా. ఎందుకు?

ఆటోనగర్_మేస్త్రి
అదీ సంగతి. ఆ బంపరు వెనకో, గ్రిల్లు లోగో వెనకో అరచేయంత నల్ల డబ్బా ఉంటుంది. అదే రాడార్, రేడియో తరంగాలు వదిలి ముందున్నవాటిని పసిగట్టేది. ప్లాస్టిక్‌లోంచి చూడగలదు, కానీ దాని ముందు లప్పం మందంగా పెడితే సిగ్నలు పాడవుతుంది. బ్రాకెట్టు కాస్త వంగినా అంతే. లెక్క చూడు: 2 డిగ్రీలు పక్కకి తిరిగితే 100 మీటర్ల దూరానికి మూడున్నర మీటర్ల తేడా. హైవే మీద ఒక లేను వెడల్పు అదే. అంటే పక్క లేనులో పోయేవాడు నీ ముందే ఉన్నాడని దానికి అనిపిస్తుంది. నా షెడ్డుకి ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ముందద్దం మార్పించి కెమెరా సరిచేయించుకోని వాళ్లు ఇంకా ఎక్కువ. అద్దం ధర బేరమాడతారు, కాలిబ్రేషన్ అనగానే "అదెందుకు" అంటారు.

తెనాలి_జంక్షన్
దెయ్యం బ్రేకు అన్నమాట.

పటమట_ప్రసాదు
నవ్వకండి, ఇంగ్లీషులో కూడా దాన్ని ఫాంటమ్ బ్రేకింగ్ అనే అంటారు. టెస్లా 2021 మే నెలలో అమెరికాలో మోడల్ 3, మోడల్ వై కార్లలోంచి రాడార్ తీసేయడానికి చెప్పిన కారణం కూడా ఈ గొడవే. రాడార్ ఒకటి చెబుతుంది, కెమెరా ఇంకోటి చెబుతుంది. ఎవరి మాట వినాలి? ఇద్దరు అత్తలున్న ఇంట్లో కోడలి బతుకు. అందుకని ఒక అత్తని ఊరికి పంపేశారు. మరుసటి ఏడు దగ్గరి వస్తువుల్ని శబ్దంతో పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్లు కూడా పీకేశారు. ఎనిమిది కెమెరాలు, చూసి నేర్చుకునే ఒక కంప్యూటరు బుర్ర (న్యూరల్ నెట్‌వర్కు), అంతే. నేను బుజ్జి బావమరిది పార్టీ.

లిడార్_లీల
ప్రసాదు గారూ, పోలిక బావుంది గానీ ఒక అత్తని పంపేస్తే ఉన్న అత్త తప్పు చెప్పినప్పుడు పట్టుకునేది ఎవరు? వేమో వాళ్ల వాదన అదే.

నేను కొన్నాళ్లు ఈ రంగంలో పనిచేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా. బుజ్జి గారింట్లో రెండు పోట్లాటలు కలిసిపోయాయి. ఒకటి కళ్లది. కెమెరాకి రంగు, అక్షరం, బ్రేకు లైటు తెలుస్తాయి, కానీ దూరం మాత్రం లెక్కగట్టి ఊహించాలి. లిడార్, అదే బావమరిది గారు బిందె అన్నది, లేజరు కిరణాన్ని వదిలి, అది తగిలి తిరిగొచ్చే సమయం కొలుస్తుంది. వెలుతురు ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది, దాన్నిబట్టి ఎదుటిది ఎంత దూరంలో ఉందో సెంటీమీటర్లలో చెప్పేస్తుంది. చీకటైనా ఒకటే. కానీ రంగు తెలియదు, దట్టమైన పొగమంచులో తడబడుతుంది. రాడార్‌కి మంచూ వానా లెక్కలేదు, ఎదుటివాడి వేగం నేరుగా పట్టేస్తుంది. ఆకారం మాత్రం మసక. పైగా పాతకాలం రాడార్లు కదలకుండా ఉన్నవాటిని పట్టించుకునేవి కావు. పట్టించుకుంటే ప్రతి బ్రిడ్జికీ బోర్డుకీ బ్రేకు పడుతుంది మరి. వేమో జాగ్వార్ కారులో ఈ మూడూ ఉన్నాయి: 29 కెమెరాలు, 5 లిడార్లు, 6 రాడార్లు. కొత్త తరంలో 13, 4, 6కి తగ్గించారు.

రెండో పోట్లాట దీనికంటే పెద్దది. ఎక్కడ మొదలుపెట్టాలి అని. వేమో ఒక ఊరు తీసుకుని, వీధులన్నీ ముందే లిడార్‌తో మ్యాపు వేసి, అక్కడే ఏళ్లకేళ్లు తిప్పి, డ్రైవరు లేకుండా నమ్మకం కుదిరాక జనానికి తెరుస్తుంది. ఫీనిక్స్ శివార్లలో 2018 డిసెంబరులో టాక్సీ సేవ మొదలైతే, డ్రైవరు లేని బండి మామూలు జనానికి దొరికింది 2020 అక్టోబరులో. టెస్లాది తిరగేసిన దారి. ముందే అన్ని రోడ్ల మీదా పనిచేయాలి, కానీ మనిషి కాపలా కూర్చోవాలి, లక్షల కార్ల నుంచి వచ్చే వీడియోలు చూసి అది రోజురోజుకీ నేర్చుకోవాలి. తమ్ముడు నిద్రపోవడం, బావమరిది రోడ్డు చూడడం, రెండూ ఈ తేడాలోంచి వచ్చినవే.

తెనాలి_జంక్షన్
అంటే ఒకడు ఒక్క సబ్జెక్టులో వందకి వంద తెచ్చుకుని మిగతావి రాయడు. ఇంకోడు అన్నీ రాశాడు, పక్కన ఇన్విజిలేటరు కూర్చుని కాపీ చూపిస్తున్నాడు.

పటమట_ప్రసాదు
@లీల మీరు ఖర్చు ఊసెత్తలేదు. మొదట్లో గూగుల్ కార్ల నెత్తిన తిరిగిన ఆ వెలొడైన్ లిడార్ ఒక్కటే దాదాపు 75 వేల డాలర్లు. వేమో నడిచేది కొన్ని ఊళ్లలో. ఆ ఊళ్ల బయట అది బొమ్మ. మన కంకిపాడు రోడ్డుకి మ్యాపు ఎవడు వేస్తాడు?

లిడార్_లీల
75 వేలు పాత ధర. ఇప్పుడు చైనావాళ్లు కొన్ని వందల డాలర్లకే అమ్ముతున్నారు, మామూలు ఫ్యామిలీ కార్లలో కూడా పెట్టేస్తున్నారు. 2019 ఏప్రిల్‌లో లిడార్‌ని నమ్ముకున్నవాళ్లు మునుగుతారని టెస్లా అధిపతి మస్క్ అన్నాడు. అదే రోజు, మరుసటి ఏడాదికి పది లక్షల రోబోటాక్సీలు రోడ్డెక్కుతాయని కూడా అన్నాడు. 2025 జూన్‌లో ఆస్టిన్‌లో మొదలైనవి కొద్దిపాటి కార్లు, ముందు సీట్లో కంపెనీ మనిషితో.

కంకిపాడు మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

పటమట_ప్రసాదు
ఇంకోటి కూడా ఒప్పుకోండి. 2024 మే నెలలో ఫీనిక్స్‌లో ఇన్ని లిడార్లున్న మీ వేమో ఖాళీ బండి పోయి సందులో స్తంభానికి గుద్దుకుంది. తర్వాత 672 కార్లకి రీకాల్ ఇచ్చి సాఫ్ట్‌వేర్ మార్చారు.

లిడార్_లీల
అది చూడక గుద్దింది కాదండీ. స్తంభం కనిపించింది. అలాంటి వస్తువుకి తగిలితే నష్టం తక్కువ అని సాఫ్ట్‌వేర్ తక్కువ మార్కులు వేసుకుంది, మ్యాపులో కూడా అక్కడ రోడ్డు అంచు గట్టిగా గీసి లేదు. కనబడటం ఒకటి, దాన్ని లెక్కలోకి తీసుకోవడం ఇంకోటి. నా మాట కూడా అదే, బిందె పెట్టుకున్నంత మాత్రాన బుర్ర రాదు.

మిర్చియార్డు_మావయ్య
మీ లిడార్లూ రాడార్లూ నాకు తెలీదు. మాది గుంటూరు, యార్డుకి కాయ తోలే పని. మార్చి నెలలో ఒక్కసారి చుట్టుగుంట వైపు రండి. ట్రాక్టరు ట్రక్కు మీద టిక్కీలు (మిర్చి బస్తాలు) రెండు పక్కలా బయటికి వేలాడుతుంటాయి, వెనక లైటు ఉండదు, ఉన్నా గోతం కప్పేసి ఉంటుంది. రాత్రి వెనకాల వచ్చేవాడికి కనిపించేది లైటు కాదు, ఒక నల్లటి గోడ. నేనే రెండుసార్లు తప్పించుకున్నా.

అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది. లారీ చెడిపోతే మనవాళ్లు ఏం చేస్తారు? పక్కన వేప చెట్టో తుమ్మ చెట్టో ఉంటే కొమ్మ విరిచి, లారీకి ఇరవై ముప్పై అడుగుల వెనక రోడ్డు మీద పడేస్తారు. నాలుగు రాళ్లు వరసగా పెడతారు. కొమ్మ కనిపిస్తే ముందు బండి ఆగి ఉందని అర్థం. మనకి ఎవరూ నేర్పలేదు, అందరికీ తెలుసు. మీ కారు ఆ కొమ్మని చూసి ఏమనుకుంటుంది? గాలికి పడిన చెత్త అనుకుని దాని మీదుగా పోతే తర్వాత ఉండేది లారీ చక్రాలే. ఇంకో తమాషా, లారీ బాగయ్యాక వాడు కొమ్మా రాళ్లూ అక్కడే వదిలేసి పోతాడు. అప్పుడు దానికి అర్థం ఏంటి?

కృష్ణలంక_కిట్టు
మావయ్య ఒక్క కొమ్మతో రెండు కంపెనీలనీ ఆపేశాడు.

లిడార్_లీల
మావయ్య గారూ, ఇది నవ్వులాట కాదు. అసలు ప్రశ్నే ఇది. రూలు రాసే పద్ధతిలో అయితే "కొమ్మ కనబడితే నెమ్మదించు" అని ఎవరో ఒకరు రాయాలి. రాయనిది దానికి తెలీదు. ఎండ్-టు-ఎండ్ అంటారు చూడండి, లండన్ వేవ్ కంపెనీ 2017 నుంచీ పట్టుకున్నదీ, టెస్లా తన డ్రైవింగు సాఫ్ట్‌వేరు వెర్షన్ 12 నుంచి మారిందీ ఆ దారికే. అందులో రూళ్లు రాయరు. కెమెరా బొమ్మలు ఒక పక్క, మంచి డ్రైవర్లు ఆ క్షణంలో స్టీరింగు, బ్రేకు ఏం చేశారన్నది ఇంకో పక్క ఇచ్చి, మధ్యలోది దాన్నే నేర్చుకోమంటారు. వేల కొమ్మల దగ్గర వేల డ్రైవర్లు నెమ్మదించడం చూస్తే అది కూడా నెమ్మదిస్తుంది. ఎందుకు నెమ్మదించిందో మాత్రం విప్పి చూపించడం కష్టం. ఈ ఒక్క విషయంలో ప్రసాదు గారి వైపు మొగ్గుతాను.

పటమట_ప్రసాదు
ఈ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

లిడార్_లీల
ఆగండి. మంచి డ్రైవర్లు అన్నాను. మన రోడ్ల మీద అందరినీ చూసి నేర్చుకుంటే బుజ్జి గారి పాలక్యాన్ల బైకు దగ్గర రాంగ్‌రూట్ కూడా నేర్చుకుంటుంది. అమెరికాలో కూడా స్టాపు బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా మెల్లగా జారుకునే ఏర్పాటు టెస్లాలో పెట్టారు, జనం అలాగే పోతారు గదా అని. 2022లో దాదాపు 54 వేల కార్లలో దాన్ని తీసేయాల్సి వచ్చింది.

99బ్యాచ్_మెకానికల్
అందరూ ఎండ్-టు-ఎండ్ ఏదో నిన్న పుట్టినట్టు మాట్లాడుతున్నారు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పోమర్లో అనే ఆయన 1980ల చివర్లోనే ఆల్విన్ అని చిన్న న్యూరల్ నెట్‌వర్కు చేసి వ్యాను నడిపించాడు. మనిషి తోలుతుంటే చూసి నేర్చుకునేది. 1995లో అదే బృందం అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. దాదాపు 98 శాతం దూరం స్టీరింగు కంప్యూటరుదే. బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం మనుషులు చూసుకున్నారు.

ఆ తర్వాత 2004లో అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగం డార్పా మొహావీ ఎడారిలో పందెం పెట్టింది. దూరం 142 మైళ్లు, బహుమతి 10 లక్షల డాలర్లు. అందరికంటే ముందుకు పోయిన బండి ఏడు మైళ్లు దాటి ఆగిపోయింది, బహుమతి ఎవరికీ రాలేదు. మరుసటి ఏడే స్టాన్‌ఫర్డ్ బండి స్టాన్లీ 132 మైళ్లు పూర్తి చేసి గెలిచింది, ఇంకో నాలుగు కూడా చివరిదాకా వచ్చాయి. దాని నాయకుడు సెబాస్టియన్ త్రున్ తర్వాత గూగుల్‌కి పోయి 2009లో మొదలుపెట్టిందే ఇవాళ్టి వేమో. అంటే 98 శాతం వచ్చి ముప్పై ఏళ్లు. మిగతా 2 శాతంలోనే మావయ్య కొమ్మలన్నీ ఉన్నాయి.

గన్నవరం_క్యాబు
నేను ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తోలతాను. మావయ్య చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. ఇంకోటి నేను కలుపుతా. ముందు లారీవాడు కుడి ఇండికేటరు వేశాడనుకోండి. ఒక్కోసారి "కుడికి తిరుగుతున్నా, రాకు" అని. ఒక్కోసారి "ఎదురుగా ఏం లేదు, దాటుకుపో" అని. ఏదో ఎలా తెలుస్తుంది? క్లీనరు చెయ్యి బయటికి వచ్చిందా, లారీ కాస్త ఎడమకి జరిగిందా, ముందు డివైడరుకి గండి ఉందా, ఇవన్నీ ఒక్క క్షణంలో చూసుకోవాలి. ఇరవై ఏళ్లకి వచ్చిన విద్య ఇది.

ఇక పొట్టకూటి సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2023 డిసెంబరులో గడ్కరీ గారు డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి, ఆ కార్లు దేశంలోకి రానివ్వను అన్నారు. ఆయన ఎన్నాళ్లు ఆపగలరో తెలీదు గానీ, నా ఈఎంఐ అయిపోయేదాకా ఆపితే చాలు.

తెనాలి_జంక్షన్
@క్యాబు అన్నా భయపడకు. ఆస్ట్రేలియాలో 2017లో వోల్వోవాళ్లకి కంగారూలు చుక్కలు చూపించాయి. జంతువు నేల మీద ఎక్కడ ఉందో దాన్నిబట్టి దూరం లెక్కేసేవాళ్లు. అది గాల్లోకి ఎగరగానే దూరంగా ఉన్నట్టు, దిగగానే దగ్గరికొచ్చినట్టు అనిపించిందట. మన గేదె ఎగరదు. కానీ రోడ్డు మధ్యలో కూర్చుని నెమరేస్తుంది. దానికి ఏ సాఫ్ట్‌వేరూ లేదు.

రిటైర్డు_గేరురాడ్డు
ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగు పట్టాను. దసరా వెళ్లాక భవానీ దీక్ష విరమణ రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి ఇబ్రహీంపట్నం నుంచి గొల్లపూడి మీదుగా బండి తెస్తుంటే రోడ్డు పొడవునా ఎర్రబట్టలు, నెత్తిన ఇరుముళ్లు. నడిచి నడిచి అలిసిన జనం. ఎవరు ఎప్పుడు రోడ్డు దాటతారో చెప్పలేం. గుంపులో ఒక ముసలావిడ నీళ్ల పంపు వైపు తల తిప్పిందంటే దాటబోతోందని నా కాలు బ్రేకు మీదకి పోయేది. ఆవిడ ఇంకా అడుగు వేయలేదు.

డ్రైవరు లేని కారు ఒకటి అమెరికాలో సైకిలు నడిపించుకుంటూ దాటుతున్న ఆడమనిషిని చంపిందని అప్పట్లో పేపర్లో చదివాను. దానికి లిడార్ ఉందా లేదా?

లిడార్_లీల
ఉంది సార్. 2018 మార్చి 18 రాత్రి, అరిజోనాలోని టెంపీలో. వోల్వో బండికి ఉబర్ తన సిస్టం బిగించి తిప్పుతున్న టెస్టు కారు. లిడార్, రాడార్, కెమెరాలు అన్నీ ఉన్నాయి. తగలడానికి 5.6 సెకన్ల ముందే పసిగట్టాయి కూడా. కానీ ఒకసారి వాహనం అనుకుంది, ఇంకోసారి ఏదో వస్తువు అనుకుంది, ఇంకోసారి సైకిలు అనుకుంది. మార్చుకున్న ప్రతిసారీ అంతకుముందు అది ఎటు కదిలిందన్న లెక్క చెరిపేసి మొదటికొచ్చింది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటతాడన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేరులో పెట్టలేదని దర్యాప్తులో తేలింది. వోల్వో కంపెనీ ఇచ్చిన సొంత బ్రేకు ఏర్పాటు కూడా ఆ సమయంలో ఆపేసి ఉంది.

రిటైర్డు_గేరురాడ్డు
గీతలు లేనిచోట దాటరని అనుకున్నారా? మా వన్‌టౌన్‌కి ఒక్క పూట రమ్మనండి.

బ్రాడీపేట_4వలైను
నేను కోర్టు మనిషిని, నాకు కావాల్సింది దాని తర్వాత కథ. ఆ కారులో కాపలా కూర్చున్న ఉద్యోగిని ఫోనులో వీడియో చూస్తోంది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆమె 2023లో నేరం ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషను పడింది. ఇంజినీర్లు రాసిన లెక్క తప్పింది, కుర్చీలో కూర్చున్న జీతగత్తె మెడకి చుట్టుకుంది.

అందుకని బుజ్జి గారూ, మీ తమ్ముడూ బావమరిదీ ఈసారి కొట్టుకుంటే లిడార్ గురించి కాకుండా ఇది అడగండి: గుద్దితే కేసు ఎవరి మీద? టెస్లా సాఫ్ట్‌వేరు పేరులోనే "సూపర్‌వైజ్డ్", అంటే మనిషి కనిపెట్టుకుని ఉండాలి, అన్న మాట ఉంటే బాధ్యత ప్రధానంగా బావమరిదిదే. అలాగని కంపెనీ పూర్తిగా చేతులు దులుపుకోలేదు. 2019 నాటి ఒక ప్రమాదంలో 2025 ఆగస్టులో ఫ్లోరిడా జ్యూరీ టెస్లాకి 33 శాతం బాధ్యత వేసింది. డ్రైవరు సీటే ఖాళీగా ఉంటే తప్పు తోయడానికి అక్కడ మనిషి ఉండడు. బ్రిటన్ 2024లో చట్టమే చేసింది, కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు లోపల కూర్చున్నవాడిని డ్రైవరుగా చూడరు. మెర్సిడెస్ కూడా లెవెల్ 3 పద్ధతిలో (కారే తోలుతుంది, పిలిస్తే మాత్రం మనిషి అందుకోవాలి) కారు నడుస్తున్నంతసేపు బాధ్యత తనదే అంది. ఎన్ని కెమెరాలు పెట్టారన్నది వాళ్ల ఇష్టం. పూచీకత్తు మీద సంతకం ఎవరిదో చూస్తే ఎవరికి తమ బండి మీద ఎంత నమ్మకముందో తెలిసిపోతుంది.

పటమట_ప్రసాదు
ఇది కాస్త అన్యాయం. పూచీ తీసుకోవాలంటే వేమోలా నాలుగు ఊళ్లకే పరిమితం కావాలి. అందరికీ అందుబాటులోకి రావాలంటే ఎవరో ఒకరు మధ్యలో కాపలా కూర్చోక తప్పదు.

బ్రాడీపేట_4వలైను
కూర్చోనివ్వండి. డబ్బు కట్టి మరీ కాపలా కూర్చుంటున్నారు చూడండి, అది నాకు నచ్చింది.

గన్నవరం_క్యాబు
నాకు జీతం ఇస్తే నేను కూర్చుంటా.

సింగ్‌నగర్_సుధ
మ్యాపుల గురించి ఒక మాట. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మా వీధి ఫోనులో మామూలుగానే ఉంది, నీలం చుక్క కూడా కరెక్టుగానే చూపించింది. బయట నడుంలోతు నీళ్లు. మా ఆయన కారు నాలుగు రోజులు అందులోనే ఉంది. నీళ్లు తీశాక చూస్తే డివైడరు ఎక్కడుందో, కాలవ మూత ఎక్కడుందో తెలీలేదు, అంతా బురద. ముందే వేసుకున్న మ్యాపుని నమ్ముకున్న బండి అలాంటి రోజు ఏం చేస్తుంది?

లిడార్_లీల
సుధ గారూ, బండి మ్యాపుని, అప్పుడు కళ్లకి కనబడేదాన్ని పోల్చుకుంటుంది. తేడా వస్తే నెమ్మదిస్తుంది, మరీ తేడా వస్తే పక్కకి ఆగి ఆఫీసులో మనిషిని అడుగుతుంది. ఆ మనిషి అక్కడి నుంచి బండిని తోలడు, ఇటు పో అని సలహా ఇస్తాడు. బండ్లన్నీ ఒకేసారి అడిగితే మాత్రం చిక్కు. 2025 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోతే వేమోలు కూడళ్లలో ఎక్కడికక్కడ నిలబడిపోయాయి.

సింగ్‌నగర్_సుధ
కరెంటు పోతే నిలబడిపోతుందా! ఇంక మా ఏరియాకి వచ్చినట్టే.

లిడార్_లీల
:) బండిది కాదు, సిగ్నలుది. ఇంకో చిన్న సంగతి చెప్పి ఆపుతా. నేను చేసింది ఈ కార్లకి నేర్పడానికి బొమ్మలకి పేర్లు పెట్టే పని. రోడ్డు ఫొటోలో ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి ఇది కారు, ఇది మనిషి అని రాయాలి. ఒక్కో ఫొటోకి గంటకి పైగా పట్టేది. జర్మనీవాళ్ల ఫొటోల లిస్టులో ఆటో అనే మాటే లేదు. మన హైదరాబాద్ ట్రిపుల్ఐటీవాళ్లు 2018లో ఇక్కడి రోడ్ల ఫొటోలు దాదాపు 10 వేలు, 34 రకాల పేర్లతో బయటపెట్టారు. అందులో ఆటోకి సొంత పేరుంది. ఇంకోటి నాకు భలే నచ్చింది: రోడ్డు కాదు, కానీ అవసరమైతే దిగి పోవచ్చు అనే మట్టి అంచుకి కూడా విడిగా ఒక పేరు పెట్టారు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసినప్పుడు నేను ఎక్కువ గింజుకున్నా. సగం తారు, సగం వడ్లు, మధ్యలో రాళ్లు. వడ్లని రోడ్డు అని రాయాలా, కాదని రాయాలా? సూపర్‌వైజరుని అడిగితే ఆయనది రాజస్థాన్, ఇసుక అని రాయమన్నాడు.

మిర్చియార్డు_మావయ్య
ఇసుక అని రాసి దాని మీద కారు పోనిస్తే రైతు కర్ర తీసుకుని వస్తాడు. దానికి ఏ సెన్సరు పెడతారో!

ఆటోనగర్_మేస్త్రి
బుజ్జీ, ఈ అంతర్జాతీయ చర్చలో నీ కారు మర్చిపోయారు. ఆదివారం తీసుకురా. లప్పం గీకి, రాడార్ ముందు పల్చగా పెయింటు వేయిద్దాం, తర్వాత షోరూములో కాలిబ్రేషన్ చేయించుకో. లేను అసిస్టు పట్టణంలో ఆపేసుకో, గుంత తప్పించేటప్పుడు స్టీరింగు గుంతలోకే లాగుతుంది. బ్రేకుది మాత్రం ఆపకు. దెయ్యమైనా ఒక్కోసారి పనికొస్తుంది.

బెంజిసర్కిల్_బుజ్జి
అందరికీ థాంక్సు. లాయరు గారి ప్రశ్న రాత్రి వీడియోకాల్‌లో అడిగా. తమ్ముడు "కంపెనీ మీదే" అన్నాడు వెంటనే. బావమరిది "నేనెప్పుడూ స్టీరింగు వదల్లేదు" అన్నాడు. నాన్న "అయితే నీది డ్రైవరున్న కారేగా" అని ఫోను అమ్మకి ఇచ్చేశాడు. ఇంక బావమరిది పలకలేదు.

ఇవాళ పొద్దున గొల్లపూడి దాటాక ఎడమ లేనులో వేప కొమ్మ, నాలుగు రాళ్లు. మావయ్య గుర్తొచ్చి నెమ్మదించి కుడికి జరిగా. ముందు లారీ లేదు. ఆకులు ఎండిపోయి ఉన్నాయి, ఎప్పుడు పోయాడో. నా కారు కిక్కురుమనలేదు.

పటమట_ప్రసాదు
ఎన్ని కెమెరాలతో చూశావ్ అన్నా?

బెంజిసర్కిల్_బుజ్జి
రెండు. కుడిదానికి మైనస్ ఒకటిన్నర.

రిటైర్డు_గేరురాడ్డు
నావి రెండూ శుక్లం ఆపరేషన్ అయినవి. ఇప్పుడు కొమ్మ మీద ఆకులు కూడా లెక్కపెడతా.